తట్టు: రెండవ సూది ఎందుకు?

తమిళులు ‘తట్టమ్మై’ అంటారు, మనం ‘తట్టు’ అంటాము. అమ్మవారు పోసిందని వేపమండలు కట్టి వేచివుండే ఆచారం సరిహద్దుకు ఇరువైపులా ఉన్నదే. వేపాకుతో పేచీ లేదు. పిల్లవాడిని వైద్యునికి చూపడంలో జరిగే జాప్యమే ప్రమాదకరం. తట్టు వెంట న్యుమోనియా, అతిసారం వస్తాయి.

2008 ఏప్రిల్‌లో, చెన్నైని ఆనుకొని ఆంధ్ర సరిహద్దును తాకే తిరువళ్లూరు జిల్లాలో, తట్టు టీకా వేసిన తరువాత నలుగురు పసిపిల్లలు మరణించారు. ఆ తల్లుల భయాన్ని అజ్ఞానమని కొట్టివేయడం అన్యాయం. అనంతరం తమిళనాడు ప్రభుత్వం ఊరూరా టీకాలు వేయడం మాని, వైద్యుడున్న ఆరోగ్య కేంద్రాలలోనే వేయించింది. భద్రత దృష్ట్యా సబబే కావచ్చు. కాని కూలికి వెళ్లే తల్లికి కేంద్రం దూరమయింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అన్ని టీకాలూ పొందిన పిల్లలు ఆ రాష్ట్రంలో 2005-06లో సుమారు 81 శాతం, 2015-16లో 70 శాతం. ఇదొక్కటే కారణమనలేము గాని, పతనం చిన్నది కాదు. 2019-21 నాటికి 89 శాతానికి కోలుకున్నది.

ఇక లెక్క చూడండి. తొమ్మిదవ నెలలో వేసిన సూది నూటికి సుమారు 85 మందిలోనే ఫలిస్తుంది. తల్లినుంచి వచ్చిన రోగనిరోధక శక్తి కొందరిలో దానిని అడ్డగిస్తుంది. అందరికీ వేసినా ఏటా నూటికి 15 మంది మిగులుతారు. ఆరేడేళ్లలో వారు ఒక ఏడాదిలో పుట్టిన పిల్లలంతమంది అవుతారు. 80 మందికే వేస్తే మిగిలేది 32 మంది. అప్పుడు మూడేళ్లు చాలు. తట్టు కొన్నాళ్లు కనుమరుగై, హఠాత్తుగా బడి బడంతా చుట్టుముట్టడంలోని మర్మమిదే. రెండు సూదులూ పడితే నూటికి 97 మందికి రక్షణ. ఒక రోగినుంచి 12 నుంచి 18 మందికి సోకగల వ్యాధి గనుక 95 శాతం మందికి రెండూ పడాలి.

1985లో జాతీయ కార్యక్రమంలో చేరిన ఈ టీకాకు రెండవ మోతాదు 2010లో గాని రాలేదు. 2017 ఫిబ్రవరిలో తమిళనాడుతోసహా ఐదు చోట్ల 15 ఏళ్లలోపు పిల్లలకు తట్టు-రుబెల్లా టీకా ఉద్యమం మొదలైనప్పుడు వాట్సప్ వదంతులు తల్లిదండ్రులను బెదరగొట్టాయి. గడువును మార్చిలోకి పొడిగించవలసి వచ్చింది. బడులలో ముందుగా పెద్దలను పిలిచి నాలుగు మాటలు చెప్పివుంటే ఇంత జరిగేది కాదేమో!

రెండవ సూది 16 నుంచి 24 నెలల మధ్య వేయించాలి. సూళ్లూరుపేటలో మొదటిది వేయించి చెన్నైకి పనికి వచ్చిన కుటుంబం రెండవది అక్కడి ప్రభుత్వ కేంద్రంలో ఉచితంగానే వేయించుకోవచ్చు. కార్డు వెంట ఉంచుకోవాలి. గడువు తప్పినా ఐదేళ్లలోపు వేస్తారు.