గ్యాసు అయిపోదు మహాశయా!

ఎండలు ముదిరే వేళకు గుంటూరు మొదలు ఒంగోలు దాకా ఏ కార్ల షెడ్డుకు వెళ్ళినా ఒకటే మంత్రం చెవిన పడుతుంది. "ఏసీ చల్లగా లేదా సార్? గ్యాసు అయిపోయి ఉంటుంది, కొట్టిద్దాం." జీవితమంతా పిల్లలకు వ్యాకరణం చెప్పినవాడిని గనుక ముందుగా ఆ క్రియాపదం మీదనే నా అభ్యంతరం. అయిపోవడం అనేది వాడుకలో తరిగే వస్తువుకు చెల్లుతుంది. పెట్రోలు అయిపోతుంది, బియ్యం అయిపోతాయి, బడిపంతులు జీతం సరేసరి. కారు ఏసీలోని గ్యాసు అటువంటిది కాదు. మూసి ఉన్న గొట్టాలలో తిరిగి తిరిగి మళ్ళీ మొదటికి వచ్చేది. రబ్బరు గుండా ఏళ్ళ తరబడి ఇసుమంత జారిపోవచ్చును గాని, నిరుడు కొట్టించిన గ్యాసు ఈ వేసవికి లేదంటే అది అయిపోలేదు, కారిపోయింది. కారిపోయిందంటే కన్నం ఉన్నది. కన్నం ఉన్నదంటే దానిని చేసిన కారణం ఒకటి ఉన్నది. ఆ కారణం దాకా మన షెడ్లలో ఎవరూ రావడం లేదన్నదే నా ఫిర్యాదు.

కారణాలు అనేకం. ముందు వెళ్ళే లారీ చక్రం విసిరిన రాయి కండెన్సరుకు తగలవచ్చు, సీళ్ళు పాతబడి ఎండిపోవచ్చు, లోపలి కాయిలు తుప్పు పట్టవచ్చు. ఇవన్నీ అప్పుడప్పుడైనా ఎవరో ఒకరు చూస్తారు. ఎవరూ చూడనిది ఇంజను మౌంటింగు. కొందరు ఫౌండేషన్ అంటారు. ఇంజనును కారు దేహానికి పట్టి ఉంచే లోహపు దిమ్మెలు అవి, మధ్యలో రబ్బరు. చిన్న కార్లలో సాధారణంగా మూడో నాలుగో ఉంటాయి. ఇంజను వణుకు మన వెన్నెముక దాకా రాకుండా ఆపడం, క్లచ్ వదిలినప్పుడు ఇంజను ఒక పక్కకు ఒరిగిపోకుండా పట్టడం వాటి పని. వేడికి, కారిన ఇంజనాయిలుకు, వయసుకు ఆ రబ్బరు గట్టిపడుతుంది, చిట్లుతుంది, చివరకు లోహాన్ని వదిలేస్తుంది.

దానికీ ఏసీకీ ఏమి చుట్టరికం అంటారా? ఏసీ కంప్రెషరు ఇంజనుకే బిగించి ఉంటుంది, బెల్టుతో తిరుగుతుంది. కండెన్సరేమో రేడియేటరు ముందు, కారు దేహానికి బిగించి ఉంటుంది. చల్లదనాన్ని ఇచ్చే కాయిలు డాష్‌బోర్డు వెనుక, అదీ దేహానికే. అంటే ఏసీలో సగం ఊగే ఇంజను మీద, సగం ఊగని దేహం మీద. రెంటినీ కలిపేవి రెండు పైపులు. అందుకే వాటిలో కొంత భాగం అల్యూమినియం, కొంత భాగం వంగే రబ్బరు, రెండూ కలిసే చోట నొక్కి బిగించిన కట్టు. మౌంటింగు మంచిదైనంత కాలం ఇంజను కొద్దిగానే కదులుతుంది, ఆ కదలికను రబ్బరు భరిస్తుంది. మౌంటింగు చచ్చిపోతే గేరు మార్చిన ప్రతిసారీ, గుంట పడిన ప్రతిసారీ ఇంజను ఎగిరి పడుతుంది. పైపు మీద లాగుడు పడుతుంది. కట్టు వదులవుతుంది, అల్యూమినియం అలసి నెర్రె విడుస్తుంది, లేదా పైపు పోయి పక్కనున్న ఇనుముకు రాసుకుంటుంది. వేసవిలో ఆ పైపులోని ఒత్తిడి టైరులోని గాలి ఒత్తిడికి ఆరేడు రెట్లు. వెంట్రుకవాసి సందు చాలు.

మా రైతులకు ఇది కొత్త పాఠం కాదు. మిరప తోటకు నీళ్ళు తోడే ఆయిలింజనును చూడండి. పునాది బోల్టులు వదులైతే ఇంజను కుదుపుకు సక్షను పైపు జాయింటు కదులుతుంది, గాలి లాగుతుంది, నీళ్ళు ఆగిపోతాయి. అప్పుడు రైతు ఏం చేస్తాడు? పైపు జాయింటు బిగిస్తాడు, వెంటనే పునాది బోల్టులూ బిగిస్తాడు. వారం వారం పైపులు కొంటూ కూర్చోడు. పొలంలో అక్షరం రాని పెద్దాయనకు తెలిసిన కార్యకారణ సంబంధం, గోడకు సర్టిఫికెట్లు తగిలించుకున్న దుకాణంలో ఎందుకు మాయమవుతున్నది?

అంధగజ న్యాయం అని ఒకటున్నది. మన షెడ్లలో జరుగుతున్నది అదే. ఏసీ మనిషి ఇంజను ముట్టుకోడు, "అది మా లైను కాదండీ" అంటాడు. ఇంజను మెకానిక్కు ఏసీ పైపు ముట్టుకోడు. ఒకడు తొండం, ఒకడు తోక. ఆ ఇద్దరి నడుమ ఏనుగు నెత్తుటితో పోతున్నది, డబ్బు మాత్రం కారు యజమానిది.

ఒక విజ్ఞుడు నాతో వాదించాడు. "కంప్రెషరు ఇంజనుతో పాటే ఊగుతుంది గదా, మౌంటింగు పోతే దానికేం హాని?" న్యాయమైన ప్రశ్న. హాని తిన్నగా రాదు, చుట్టూ తిరిగి వస్తుంది. కంప్రెషరుకు కందెన వేరే తొట్టెలో ఉండదు, ఆ నూనె గ్యాసుతో కలిసి గొట్టాలలో తిరుగుతుంది. పైపు కట్టు దగ్గర గ్యాసు కారితే నూనె కూడా కారుతుంది. అక్కడ జిడ్డు మరక, దాని మీద దుమ్ము అంటుకొని కనబడడం అందుకే. కన్నం మూయకుండా, నూనె సంగతి చూడకుండా గ్యాసు మాత్రం నింపుతూ పోతే కంప్రెషరు పొడిగా తిరిగి తిరిగి ఒకనాడు పట్టేస్తుంది. కందెన లేని ఇరుసు మీద బండి తోలినవాడికి వేరే చెప్పనక్కరలేదు.

చిలకలూరిపేట పక్క పల్లెలో నా పూర్వవిద్యార్థి ఒకడు టాక్సీ తోలుతాడు. ఛందస్సు అంటే పారిపోయేవాడు గాని మనిషి బుద్ధిమంతుడు. డయాలసిస్ రోగులను వారానికి రెండు మూడు మార్లు గుంటూరు ఆసుపత్రులకు తీసుకుపోవడం వాడి ప్రధానమైన గిరాకీ. మే నెల మధ్యాహ్నం, రక్తం శుద్ధి చేయించుకొని నీరసంతో వెనుక సీటులో వాలిపోయిన మనిషికి ఏసీ విలాసం కాదు. ఒక్క వేసవిలో వాడు మూడుసార్లు గ్యాసు కొట్టించాడు, ఒకసారి పైపు మార్పించాడు. కొత్త పైపు కూడా పాత చోటనే, అదే కట్టు దగ్గరనే కారింది. అప్పటికైనా అనుమానం రావద్దా? రాలేదు. చివరకు "కంప్రెషరు జామ్ అయింది, కొత్తది వేయాలి" అన్నారు. దుకాణం పేరు రాయను, ఇది ఒక్క దుకాణానికి పట్టిన జబ్బు కాదు.

"మాస్టారూ, మూడు రూపాయల వడ్డీకి తెచ్చి వేయించమంటారా?" అని వాడు నా దగ్గరకు వచ్చాడు.

"ఆగరా, ముందు ఇంజను ఎవరికైనా చూపించు" అన్నాను.

మార్టూరు వైపు ట్రాక్టర్లు బాగుచేసే ఒక ముసలాయన బోనెట్ ఎత్తించి, కారును ముందుకూ వెనక్కూ ఒక్క జానెడు కదిలించమన్నాడు. ఇంజను పడవలా ఒరిగింది. ఒక మౌంటింగు రబ్బరు రెండు ముక్కలై ఉన్నది. ఆ మౌంటింగు ఖరీదు కొత్త కంప్రెషరు ఖరీదులో ఏ మూలకూ రాదు. మౌంటింగు మారింది గాని కంప్రెషరు మాత్రం దక్కలేదు. అప్పు తప్పలేదు. ఎద్దు పుండు కాకికి ముద్దా అని ఊరకే అన్నారా?

మన నేల సంగతి కూడా చెప్పాలి. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. దాని మీద వేసిన రోడ్డు ఒక్క ఏడాదిలోనే అలలు తేలుతుంది. పదహారో నంబరు జాతీయ రహదారి మీద నున్నగా పోయే కారు పర్చూరుకో అద్దంకికో లోపలి దారి పట్టగానే దాని ఇంజను పడే పాట్లు ఆ రబ్బరుకే తెలుసు. హైదరాబాదులో ఎన్నాళ్ళు మన్నుతుందో చెప్పే లెక్క ఇక్కడ చెల్లదు. సెలవులకు ఊరికి వచ్చి, నాన్నగారి కారు ఏసీకి డబ్బు కట్టి వెళ్ళే సాఫ్టువేరు మిత్రులు ఈ మాట గమనించాలి.

పరీక్ష సులభం, పరికరాలు అక్కరలేదు. హ్యాండ్‌బ్రేకు వేసి, బోనెట్ ఎత్తి, తెలిసిన డ్రైవరు ఒకడు బ్రేకు తొక్కి పట్టుకొని మొదటి గేరులో క్లచ్‌ను సగం దాకా మెల్లగా వదలాలి, తరువాత రివర్సులో అలాగే. చూసేవారు కారు ముందు నిలబడరాదు, పక్కన ఉండాలి. ఇంజను కొద్దిగా వంగితే సహజం, ఎగిరి ధడాలున పడితే మౌంటింగు పోయినట్లే. ఇంకొక గుర్తు: నిలిచి ఉన్న కారులో ఏసీ వేయగానే స్టీరింగు వణికితే అందరూ కంప్రెషరును తిడతారు. కంప్రెషరు బరువు మీద పడి ఇంజను కుంగినప్పుడు ఆ వణుకును మింగవలసినది రబ్బరు. ముందు దానిని చూడండి.

ఇక మౌంటింగు మార్చమంటే డ్యూప్లికేట్ రబ్బరు వేసేవారు, పాత టైరు ముక్క కోసి సందులో దోపేవారు ఉన్నారు. టైరు ముక్కతో ఇంజను కదలిక ఆగుతుంది, వణుకు మాత్రం యథాతథంగా దేహానికీ పైపులకూ ఎక్కుతుంది. రోగం పేరు మారుతుంది, అంతే.

"గ్యాసు ఎంతండీ, కొద్ది డబ్బే గదా" అనే ఉదారులకు ఒక లెక్క. మన రోడ్ల మీద చాలా కార్లలో ఉన్నది ఆర్-134ఏ. వంద సంవత్సరాల లెక్కన బొగ్గుపులుసు గాలి కంటే అది సుమారు 1,430 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. చిన్న కారులో పట్టేది అర కిలో అటూ ఇటూ. ఒకసారి మొత్తం కారిపోతే ఏడు వందల కిలోల బొగ్గుపులుసు గాలి వదిలినట్లు. 2016 నాటి కిగాలీ ఒప్పందాన్ని మన దేశం 2021లో ఆమోదించింది, 2028 నుంచి ఈ జాతి వాయువుల వాడకానికి కట్టడి మొదలు కావలసి ఉన్నది. ఎండ ఎక్కువైందని ఏసీ వేసుకొని, ఆ ఏసీ గ్యాసుతోనే ఎండను పెంచుకోవడం మనకే చెల్లింది.

నేను కోరేది పెద్ద సంస్కరణ ఏమీ కాదు. గ్యాసు నింపిన ప్రతి దుకాణమూ బిల్లు మీద రెండు ముక్కలు రాయాలి: కన్నం ఎక్కడ దొరికింది, అది ఎందువల్ల పడింది. దొరకకపోతే దొరకలేదని రాయాలి. ఈ మాటే మొన్న ఒక దుకాణదారుతో అంటే, "బిల్లులో అలా రాసే అలవాటు లేదు మాస్టారూ, గ్యాసు అని వేస్తాం, అంతే" అన్నాడు. రాసి ఇచ్చేదాకా డబ్బు ఇవ్వనన్నాను. అరగంట తరువాత రాసి ఇచ్చాడు. కన్నం పైపు కట్టు దగ్గర అని రాసి, కారణం అన్న చోట ఖాళీ వదిలాడు.