క్లచ్ ప్లేట్లు సరే... కారణం వెతికారా?

బైక్ లాగడం లేదని షెడ్డుకు తీసుకెళ్లారు. ‘క్లచ్ ప్లేట్లు పోయాయి, మార్చాలి’ అన్నారు. మీలో ఎంతమంది ‘ఎలా తెలిసిందన్నా?’ అని అడుగుతారు? మల్టీప్లేట్ క్లచ్ బొమ్మ గీసి పరీక్షలో మార్కులు తెచ్చుకున్నవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. అదే క్లచ్ ఇంటి ముందున్న బైక్‌లోనూ ఉంది. దాని మూత తీసి చూసినవాళ్లు మాత్రం తక్కువ.

ఉద్యోగం కోసం చూస్తున్న ఇంజినీరింగ్, డిప్లొమా, ఐటీఐ విద్యార్థులకు నా సలహా ఒకటే. ఇంట్లో పాత బైక్ ఉంటే దాని క్లచ్‌ను మీరే పరీక్షించండి. నిజంగా అరిగిందని తేలితే మీరే మార్చండి. నాలుగు రూపాయలు మిగలడం కోసం కాదు. లోపం ఎక్కడుందో తేల్చుకున్నాకే పార్ట్ మీద చెయ్యి వేసే అలవాటు రావాలని.

లక్షణం ఒకటి.. కారణాలు ఎన్నో

మా ఇందుకూరుపేట వైపు సంగతే చూడండి. నెల్లూరు నుంచి మైపాడు దాకా తారు రోడ్డు మీద బండికి పెద్ద కష్టం ఉండదు. రోడ్డు దిగి రొయ్యల గుంటల గట్లు ఎక్కితేనే అసలు పరీక్ష. వెనక మేత బస్తా, కింద ఇసుకో బురదో. బండి ఆగిపోకుండా హాఫ్ క్లచ్‌లో లాగిస్తుంటాం. అప్పుడు ఇంజిన్ వైపు ప్లేట్లు ఒక వేగంతో, గేర్‌బాక్స్ వైపు ప్లేట్లు ఇంకో వేగంతో తిరుగుతూ రాసుకుంటాయి. వేడి పుట్టి లైనింగ్ అరుగుతుంది.

దీనికి సముద్రపు గాలి తోడు. ఉప్పు తేమకు కేబుల్ లోపల తుప్పు పడితే లివర్ బిగుస్తుంది. వదిలినా పూర్తిగా వెనక్కి రాదు. ప్లేట్లు బాగున్నా క్లచ్ సరిగ్గా పట్టదు. కేబుల్‌తో పోయే పనికి ప్లేట్లు మార్చేది ఇలాంటప్పుడే.

ఖర్చు లేని పరీక్షలు ముందు

మొదట మీ బండిది ఏ రకం జబ్బో తేల్చండి. యాక్సిలరేటర్ ఇస్తే ఇంజిన్ మోత పెరుగుతుంది కానీ స్పీడు పెరగదు.. ఇది స్లిప్. లివర్ పూర్తిగా నొక్కినా బండి ముందుకు పాకుతుంది, న్యూట్రల్ పడదు, గేరు వేస్తే టక్కుమంటుంది.. ఇది డ్రాగ్. మొదటిదాంట్లో క్లచ్ సరిగ్గా పట్టడం లేదు, రెండోదాంట్లో సరిగ్గా విడవడం లేదు. రెండూ వేరు వేరు సమస్యలు.

స్లిప్ అనుమానం ఉంటే హెల్మెట్ పెట్టుకుని ఖాళీ రోడ్డు మీదకు వెళ్లండి. టాప్ గేర్‌లో 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ ఒక్కసారి యాక్సిలరేటర్ పెంచండి. మోతతో పాటు స్పీడు కూడా పెరిగితే క్లచ్ పట్టు బాగానే ఉన్నట్టు. మోత ఒక్కటే పెరిగితే జారుతున్నట్టు.

జారుతోందని తేలినా వెంటనే ప్లేట్లు కొనకండి. లివర్ చివర ఫ్రీ ప్లే కొలవండి. చాలా కమ్యూటర్ బైకుల్లో ఇది 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలి. అసలు లేకపోతే క్లచ్ ఎప్పుడూ కొంచెం నొక్కే ఉన్నట్టు లెక్క, కాబట్టి జారుతుంది. మరీ ఎక్కువైతే విడవదు, డ్రాగ్ వస్తుంది. అడ్జస్టర్ తిప్పితే పోయేదేమో చూడండి. తర్వాత కేబుల్‌కు తుప్పు, పోగులు తెగడం ఉన్నాయేమో చూడండి.

ఆ తర్వాత ఆయిల్. మన బైకుల్లో క్లచ్ ఎక్కువగా ఇంజిన్ ఆయిల్‌లోనే తడుస్తూ తిరుగుతుంది. అందుకే గేరు బండ్లకు డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉన్న ఆయిల్ వాడాలి. రాపిడి తగ్గించే రసాయనాలు కలిపిన కారు ఆయిల్ పోస్తే బాగున్న ప్లేట్లు కూడా జారతాయి. ఇవన్నీ దాటాకే మూత తీయాలి.

మూత తీశాక తొందర వద్దు

ముందుగా మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ దగ్గర పెట్టుకోండి. కొన్ని బైకుల్లో స్ప్రింగులు విప్పగానే ప్లేట్లు బయటికి వస్తాయి. కొన్నింటిలో మధ్య నట్టు తీయాలి, దానికి ప్రత్యేకమైన టూల్ కావాలి. ఆ టూల్ లేకపోతే ఉలి, సుత్తితో కొట్టొద్దు, అక్కడితో ఆపి మెకానిక్ దగ్గరికి వెళ్లండి.

ఇంజిన్ చల్లారాక ఆయిల్ దించండి. కేబుల్ విప్పి, కుడి వైపు కవర్ బోల్టులు తీయండి. అవన్నీ ఒకే పొడవు ఉండవు. ఒక అట్ట మీద కవర్ ఆకారం గీసి, ఏ బోల్టు ఎక్కడిదో అక్కడే గుచ్చి పెట్టండి. స్ప్రింగ్ బోల్టుల్ని ఒక్కోదాన్నీ కాకుండా, ఎదురెదురుగా ఉన్నవాటిని కొద్దికొద్దిగా వదులు చేయండి. ప్లేట్లు తీసేటప్పుడు వరుస తప్పకుండా ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి.

ఇక కొలతలు. ఫ్రిక్షన్ ప్లేట్ మందం వెర్నియర్‌తో కొలిచి మాన్యువల్‌లోని కనీస పరిమితితో పోల్చండి. ఉక్కు ప్లేట్లను చదునైన గాజు మీద పెట్టి, ఫీలర్ గేజ్‌తో వంపు చూడండి. నీలం రంగు తిరిగి ఉంటే బాగా వేడెక్కినట్టు. స్ప్రింగుల పొడవూ కొలవండి. అవి కుంగిపోతే కొత్త ప్లేట్లు వేసినా జారుడు తగ్గదు. ప్లేట్ల చెవులు కూర్చునే డ్రమ్ గాడుల్లో గుంటలు పడితే క్లచ్ సాఫీగా విడవదు.

కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లను బిగించే ముందు కొన్ని గంటలు ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టండి. గ్యాస్కెట్ కొత్తది వేయండి. బోల్టుల్ని మాన్యువల్ చెప్పిన టార్క్‌కే బిగించండి, బలం ఉంది కదా అని లాగితే అల్యూమినియం మరలు ఊడతాయి. ఆయిల్ పోసి, ఫ్రీ ప్లే సరిచేసి, అదే రోడ్డు మీద అదే పరీక్ష మళ్లీ చేయండి. తీసిన పాత ఆయిల్ కాలువలో పారబోయొద్దు, డబ్బాలో పట్టి షెడ్డులో ఇవ్వండి.

ఇంటర్వ్యూకు ఏం ఒరుగుతుంది?

‘మీరు పరిష్కరించిన ఒక సమస్య చెప్పండి’ అనేది ఇంటర్వ్యూల్లో మామూలు ప్రశ్న. రెడీమేడ్ ప్రాజెక్టు కొని రికార్డు బైండింగ్ చేయించినవాళ్లు రెండో ప్రశ్నకే దొరికిపోతారు. ‘స్లిప్ ఉంది. ఫ్రీ ప్లే సరిచేశాను, తగ్గలేదు. ఆయిల్ సరైనదే. విప్పి కొలిస్తే ప్లేట్ మందం పరిమితి కన్నా తక్కువ ఉంది. మార్చాక అదే పరీక్ష చేశాను, పోయింది’ అని చెప్పగలిగినవాళ్లను ఎన్ని ప్రశ్నలు అడిగినా భయం లేదు. చేసిన పని కాబట్టి జవాబు నోట్లోనే ఉంటుంది.

మనకు దగ్గర్లోనే సత్యవేడు వైపు హీరో మోటోకార్ప్ ఫ్యాక్టరీ, శ్రీసిటీలో ఇసుజు, ఇంకాస్త దూరంలో పెనుకొండ దగ్గర కియా ఉన్నాయి. ఒక్క క్లచ్ మార్చినంత మాత్రాన అక్కడ ఉద్యోగం వచ్చేస్తుందని నేను చెప్పను. కానీ ఏ ప్రొడక్షన్ లైన్‌లోనైనా, ఏ సర్వీస్ విభాగంలోనైనా కావాల్సింది ఈ వరుసే. చౌకైనది ముందు చూడటం, ఒకసారికి ఒకటే మార్చడం, కొలిచి మాట్లాడటం.

‘నేను సాఫ్ట్‌వేర్ వైపు వెళ్తాను, నాకెందుకు?’ అంటారా? కోడ్‌లో బగ్ వెతికేదీ ఇలాగే. ఒకేసారి నాలుగు చోట్ల మార్చేస్తే ఏది పనిచేసిందో మీకే తెలియదు. ‘రేపు అన్నీ ఎలక్ట్రిక్ బండ్లే, వాటికి క్లచ్చే ఉండదు’ అనే మాటా నిజమే. అయితే వాటిలోనూ చార్జింగ్ ఎక్కకపోతే బ్యాటరీయా, చార్జరా, కనెక్టరా అని ఎవరో ఒకరు తేల్చాలి. క్లచ్ పోవచ్చు, వెతికే పద్ధతి పోదు.

మెకానిక్ అన్నల పొట్ట కొట్టమని కూడా నేను అనడం లేదు. పొద్దున షెడ్డులో ఓ రెండు గంటలు పక్కన నిలబడి, పానాలు అందిస్తూ నేర్చుకోండి. లివర్ పట్టుకుని చూడగానే జబ్బు చెప్పే వాళ్ల చేతి అనుభవం, మీ వెర్నియర్ కొలత రెండూ కలిస్తే ఇద్దరికీ లాభమే.

పని అయ్యాక ఒక్క కాగితం రాసి పెట్టుకోండి. లక్షణం ఏమిటి, ఏమేం పరీక్షించారు, కొలతలెంత, ఏం మార్చారు, ఫలితమేంటి. ఆ కాగితాన్ని ఫొటోలతో కలిపి రెజ్యూమె వెంట ఉంచుకోండి. దాని గురించి ఎవరు అడిగినా మీరు తడుముకోకుండా జవాబు చెప్పగలరు.