మొద్దు అని ముద్ర వేసిందెవరు?

చెక్ దేశంలో ఆస్ట్రావా అనే ఒకప్పటి బొగ్గుగనుల పట్నం ఉంది. అక్కడ రోమా పిల్లలకి పరీక్ష పెట్టి, బుద్ధిమాంద్యం అని కాగితం రాసి, స్పెషల్ స్కూలుకి తోలేవాళ్లు. 1990ల చివర లెక్క తీస్తే ఆ పట్నం రోమా పిల్లల్లో సగం మంది ఆ బడుల్లోనే తేలారు. మిగతా పిల్లల్లో నూటికి ఇద్దరు కూడా లేరు. ఒక జాతిలో సగం మంది మొద్దులుగా పుడతారా?

ఎవరీ రోమాలు? దాదాపు వెయ్యేళ్ల కిందట ఉత్తర హిందుస్థానం నుంచి వలసపోయిన జనం. వాళ్ల భాషలో నీళ్లు పానీ, ముక్కు నాక్, మనిషి మనుష్. రోమ్ అన్న పేరు మన 'డోమ్' కులం పేరు నుంచే వచ్చిందని చాలామంది భాషా పండితుల మాట. కాశీలో శవాలు కాల్చేది ఆ డోములే. అంటే వెలి ఎక్కడిదో మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఇంట్లో రోమానీయో, ఆ యాస కలిసిన చెక్కో మాట్లాడే పిల్లకి, వేరేవాళ్ల పిల్లల కోసం తయారైన పరీక్ష పెట్టారు. తప్పింది పిల్ల కాదు, ఆ పరీక్ష.

18 మంది పిల్లల తరపున 2000లో యూరప్ మానవ హక్కుల కోర్టుకెక్కారు. 2006లో ఓడారు. అయినా వదల్లేదు. 2007 నవంబరు 13న 13 మంది జడ్జీలు వాళ్ల పక్షాన, నలుగురు ఎదురుగా నిలిచారు. "తల్లిదండ్రులే సంతకం పెట్టారు గదా" అంది సర్కారు. వివక్షకి ఒప్పుకునే సంతకం చెల్లదంది కోర్టు.

తీర్పుతోనే బడి మారిపోదు. 2005లోనే ఆ బళ్ల బోర్డు మార్చారు, లోపల పాఠం మారలేదు. ఆ తక్కువరకం పాఠ్యప్రణాళిక 2016లో గానీ పోలేదు.

మరి పిల్లలు నిలిచేదెట్లా? రోమా మనిషినే తరగతిలో సహాయకుడిగా పెట్టడం. ఒకటో తరగతికి ముందే ఉచితంగా బాలబడి. రుమేనియాలో రోమా మధ్యవర్తులు ఇంటింటికీ పోయి, పిల్ల ఎందుకు రాలేదో కనుక్కుని, తల్లిని బడి గడప దాటిస్తారు. అన్నిటికంటే ముందు, అందరితో ఒకే బెంచీ.

మేం బడిపంతుళ్లం. తండా పిల్ల ఇంట్లో గోరుబోలి మాట్లాడి, బళ్లో తెలుగు వాచకం ముందు బిక్కమొహం వేస్తే "దీనికి రాదు" అని మేమూ అనేశాం. ఆ తప్పు మాదే.

అక్కలారా, అన్నలారా! రేపే బడికి పోయి అడగండి: మా పిల్ల ఏ వరసలో కూచుంటోంది? దాని మాట తెలిసినవాళ్లు బళ్లో ఎవరున్నారు? చదివించుకోకుండా ఏ కాగితం మీదా వేలిముద్ర వెయ్యకండి.