నీడయా? కాంతియా?

ఫోటోగ్రాఫునకు మన భాషలో ఛాయాచిత్రమను పేరు స్థిరపడినది. ఛాయ యను శబ్దమునకు నీడ యనియు, కాంతి యనియు రెండర్థములు కలవు. ఈ రెండింటిలో మనము దేనిని చిత్రించుచున్నామన్న ప్రశ్న, సూర్యోదయవేళ ఆరుబయట మనుష్యులను చిత్రించువారికి మిక్కిలి ముఖ్యమైనది.

ప్రబంధకవులకు సూర్యోదయము అష్టాదశ వర్ణనలలో నొకటి. నేటి విద్యార్థి ఆ వర్ణనమును చేతిలోని ఫోనుతో చేయుచున్నాడు. దిల్‌సుఖ్‌నగర్ వసతిగృహములలో నుండి చదువుకొను యువకునకు సరూర్‌నగర్ చెరువు గట్టుగాని, ఎల్.బి. నగర్ కూడలిగాని దూరము కాదు. అతడెన్నుకొన్న వేళయు మంచిదే. ఉదయించు సూర్యుని కిరణములు వాయుమండలమున చాలదూరము పయనించి మనలను చేరును. ఆ దారిలో నీలవర్ణము చెదరిపోయి ఎరుపు, పసుపు వన్నెలు మిగులును. కిరణము లేటవాలుగా పడుటచే గడ్డిపోచకు సైతము పొడవైన నీడ యేర్పడును. అయితే ఆ వన్నె చాలసేపు నిలువదు. హైదరాబాదులో జూన్ మొదట సుమారు 5-41కి, జనవరి మూడవ వారమున సుమారు 6-49కి సూర్యోదయమగును. ఆపైన అరగంట దాటినచో మిగులునది వట్టి యెండయే.

దిల్‌సుఖ్‌నగర్ నుండి చైతన్యపురి మీదుగా ఎల్.బి. నగర్‌కు పోవు రాజమార్గము ఆగ్నేయముగా సాగును. చలికాలమున సూర్యుడుదయించుటయు తూర్పునకు కొంత దక్షిణముగానే. కనుక ఆ దారిని ఎల్.బి. నగర్ వైపు నడచునపుడు, ఎదురువచ్చువారు వెలుగునకు అడ్డమై నల్లని ఆకారములుగా తోతురు. వెనుదిరిగి చూచినచో, మన వెనుక వచ్చుచున్నవారి ముఖములపై బంగారు వెలుగు కనబడును. మార్గమదియే, వేళ అదియే. మారినది మనము చూచిన దిక్కు మాత్రమే.

మనలో పెక్కుమంది మొదటి దిక్కునే యెన్నుకొందురు. రోడ్డూడ్చు స్త్రీ, పార పట్టి కూలిపనికై యెదురుచూచు మనిషి నల్లని రూపములైనచో చిత్రమునకు అందము వచ్చును. వారిని పలుకరింప నక్కరయు లేదు. కాని ఆ కూలివానికి ఆ వేళ అందమైనది కాదు. ప్రొద్దెక్కిన కొలది నాటి కూలి దొరకునన్న ఆశ సన్నగిల్లును. మనము బంగారమనుకొను కాంతి అతనికి గడియారపు ముల్లు. అతని ముఖమును చీకటిచేసి, అతని వెనుకనున్న ఆకాశమును మాత్రము మెచ్చుకొనుట న్యాయమా?

నల్లని రూపమును చిత్రించుట దోషమని నా మతము కాదు. ముఖము చూపుట ఇష్టము లేనివారికి అది రక్షణయు కాగలదు. అయితే ఆ నిర్ణయము వారిది కావలెను. అడిగినచో సహజత్వము చెడునందురు. కొంత నిజమే. పది నిమిషములు ఓపిక పట్టినచో వారు మరల తమ పనిలో పడుదురు, సహజత్వము తిరిగి వచ్చును.

ఆరవ నిజాము ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్ (1844–1905) కాలమున పెద్ద పెట్టెను ముక్కాలిపై నిలిపి, గాజుపలక నమర్చి చిత్రము తీయవలసి యుండెను. ఎదుటివానికి తెలియకుండ తీయుట సులభము కాదు. తెలియుట వేరు, ఒప్పుకొనుట వేరు. అయినను యంత్రము కొంత మర్యాదను నిర్బంధముగా నేర్పినది. నేటి ఫోను ఆ నిర్బంధమును తొలగించినది గనుక, మర్యాదను మనమే నేర్పవలసియున్నది.

ఉపాధ్యాయులకు నా మనవి యిది. చలికాలపు ఉదయమొకటి పిల్లలను చెరువు గట్టునకు తీసికొనిపొండు. మొదట ఒకే చెట్టును సూర్యునికి ఎదురుగా నొకసారి, సూర్యుని వీపున నుంచుకొని యొకసారి చిత్రింపజేయుడు. పిమ్మట ఒక మనిషిని పలుకరించి, పేరడిగి, అనుమతి పొంది చిత్రము తీయుమనుడు. తీసినదానిని వారికి చూపవలెను. వీలైనచో ప్రతి నొకదాని నీయవలెను. చిత్రము క్రింద ఆ మనిషి చెప్పిన మాటలను నాలుగు తెలుగు వాక్యములలో వ్రాయింపుడు. వారు వలదన్నచో ఫోనును జేబులో పెట్టుకొని నమస్కరించి రావలెనని కూడ నేర్పుడు. ఛాయాచిత్రకళలో అదియే మొదటి పాఠము.