పలుపు పట్టినవాని బాధ్యత

చలికాలమనగానే పలువురికి ఉత్తరదేశమున కురియు మంచు జ్ఞప్తికి వచ్చును. నెల్లూరు తీరమున మంచు కురియదు, చెరువులు గడ్డకట్టవు. అందుచేత ఇచ్చటి పశువులకు చలిబాధ లేదని కొందరు తలంతురు. ఈ తలంపు సరియైనది కాదు. ఈ ప్రాంతమునకు చలి ఒంటరిగా రాదు; వానను, గాలిని వెంటబెట్టుకొని వచ్చును. నెల్లూరు మండలమున ఏడాది పొడవున కురియు వానలో అధికభాగము ఈశాన్య ఋతుపవనముల వలన అక్టోబరు మొదలు డిసెంబరు వరకు గల మూడు మాసములలోనే పడును. తుపానుల కాలమును ఇదియే. 1927లో నెల్లూరు వద్ద, 1984లో శ్రీహరికోట సమీపమున, 1989లో కావలి సమీపమున తీరము దాటిన పెద్ద తుపానులు మూడును నవంబరు మాసమునందే వచ్చినవి.

పొడిగా ఉన్న పశువు కొంత చలిని ఓర్చుకొనగలదు. వెండ్రుకల నడుమ నిలిచిన గాలి దానికి కంబళివలె ఉపకరించును. వెండ్రుకలు తడిసినచో ఆ కంబళి లేనట్లే. తడిసిన చర్మముపై గాలి వీచిన కొలది ఒంటిలోని వేడి హరించిపోవును. ఆ వేడి మరల పుట్టుటకు మేత కావలెను. కాని ముసురు పట్టిన దినములలో పశువు బీడునకు పోజాలదు. వామిలోని గడ్డి తడిసి బూజు పట్టును. ఖర్చు పెరిగి రాబడి తగ్గిన సంసారమువలె అప్పుడు పశువు దేహము క్షీణించును. లేగదూడలు, క్రొత్తగా ఈనినవి, ముసలివి మొదట పడిపోవును.

నెల్లూరు గొఱ్ఱె మన దేశపు గొఱ్ఱెజాతులలో మిక్కిలి ఎత్తైనది. పల్ల, జోడిపి, డోర అని దీనిలో మూడు తెగలు కలవు. దీని ఒంటిపై ఉన్ని లేదు. పొట్టి వెండ్రుకలు మాత్రమే ఉండును. ఎండకు తగిన ఈ దేహము వానచలికి తగినది కాదు. చిత్తడినేలపై దాని గిట్టలు చెడును. తేమకు పెరుగు చిన్న చిన్న ఈగల కాటువలన నీలినాలుక వ్యాధి మంద అంతటను వ్యాపించును.

ఇందుకు దూరదేశమున ఒక నిదర్శనము కలదు. ఒంగోలు ప్రాంతము నెల్లూరు జిల్లాలో చేరియున్న కాలమున ఆ జాతి పశువులు ఓడలపై బ్రెజిలు దేశమునకు పోయినవి. అచ్చట వాని సంతతికి నెల్లూరు పేరే స్థిరపడినది. 2023 జూను మాసమున, అనగా ఆ దేశపు శీతకాలమున, మాటో గ్రోసో దో సుల్ రాష్ట్రమున చలియు వానయు ఒక్కమారుగా విరుచుకొనిపడగా వేయికి పైగా పశువులు చనిపోయినవి. వానిలో పెక్కు ఈ జాతివే. అక్కడను మంచు కురియలేదు. చలి, వాన, గాలి మూడును కలియుటయే చాలినది.

తుపాను నాడు వీనికి తోడు మరియొక అపాయము కలదు. నీరు పొంగినపుడు అడవిజంతువు మిట్టకు పరుగెత్తును. కొట్టములోని గేదె పరుగెత్తజాలదు. దాని మెడకు పలుపు ఉన్నది. గేదె చక్కగా ఈదగల జంతువు. అయినను గుంజకు కట్టిన గేదె ఉన్నచోటనే మునిగిపోవును. 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలకొలది జనులతోపాటు లెక్కకు మిక్కిలిగా పశువులు నశించినవి. 2021 నవంబరులో పెన్నానది పొంగి సోమశిలకు దిగువనున్న పల్లెలను ముంచినపుడును పశువులకు కీడు తప్పలేదు.

మనుష్యులకే దిక్కులేని వేళ పశువుల మాట యేల అని కొందరు ప్రశ్నింతురు. ఈ ప్రశ్న కఠినమైనదే గాని దీనికి సమాధానము లేకపోలేదు. కూలి కుటుంబమునకు ఒక్క గేదెయే పొలము, అదియే రొక్కము, అదియే పిల్లల పాలు. దానిని విడిచి రాలేక, అధికారులు ఎంత హెచ్చరించినను ఇల్లు కదలనివారు కలరు. పశువునకు చోటు చూపినచో మనిషి తానే కదలును. కావున పశురక్షణము మనుష్యరక్షణమునకు అడ్డు కాదు, దానికి తోవయే.

అట్లని భారమంతయు పేదరైతుపై మోపుట న్యాయము కాదు. తన యింటి కప్పే కారుచున్నవాడు కొట్టమునకు గట్టి కప్పు ఎక్కడనుండి తెచ్చును? తుపానుల నుండి జనులను కాపాడుటకు తీరగ్రామములలో ఆశ్రయభవనములు కట్టిరి. వాని ప్రక్కననే ఎత్తైన దిబ్బ వేసి, దానిపై కప్పు, త్రాగునీటి తొట్టి, కొంత ఎండుమేత ఉంచుట ప్రతి పంచాయతీకి విధిగా ఉండవలెను. పశువును పెంచువాడు దాని క్షేమమునకు తగిన ఏర్పాట్లన్నియు చేయవలెనని 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము చెప్పుచున్నది. ఒక్కని శక్తికి మించిన ఏర్పాటు ఊరందరి విధి యగును.

ఇంటివారు చేయదగిన పనులును కలవు. అవి ఖర్చుతో కూడినవి కావు. గొంతువాపు, చిటుకరోగము మొదలైనవానికి టీకాలు వానలకు ముందే వేయింపవలెను. వామిని రాళ్ళపైనో మొద్దులపైనో ఎత్తుగా వేయవలెను. గాలి వచ్చు వైపున తాటాకు తడికలు కట్టి, తేమ పోవుటకు పైన కొంత సందు విడువవలెను. నేలపై ఎండుగడ్డి పఱచి, తడిసినపుడెల్ల మార్చవలెను. తడిసిన దూడను గోనెతో తుడిచి పొడిచోట ఉంచవలెను. తుపాను వార్త వినినంతనే పశువులను మిట్టకు తోలవలెను. అందుకు వ్యవధి లేనిచో పలుపులైనను విప్పవలెను.

ఈ చివరి పని చేయుటకు ధనము అక్కరలేదు, బలము అక్కరలేదు. ఎనిమిదవ తరగతి బాలుడైనను చేయగలడు. మనిషి పశువును మచ్చిక చేసిన నాడే దాని స్వేచ్ఛను తీసికొనెను. పాలు పిదికినను, కాడి మోపినను అది సహించినది. అందుకు బదులుగా అది నోరు తెఱచి ఏమియు అడుగలేదు. పలుపు మెడకు తగిలించుట ఎఱిగినవాడు, దానిని విప్పవలసిన వేళను కూడ ఎఱిగి యుండవలెను.