సముద్రాల ఆవల జవాను, సరిహద్దు పల్లెలో సంక్రాంతి

భోగినాడు తెల్లవారుజామున నాలుగున్నర గంటలకు పల్లె వీధిలో మంట లేస్తుంది. ఆ వేళకు దక్షిణ సూడాన్ రాజధాని జూబాలోనూ, కాంగో తూర్పు ప్రాంతంలోని గోమాలోనూ, దక్షిణ లెబనాన్ కొండల్లోనూ రాత్రి ఒంటిగంట అయి ఉంటుంది. ఐక్యరాజ్య సమితి శాంతి పరిరక్షక దళంలో భాగంగా అక్కడికి వెళ్ళిన జవాను కాపలా గోపురంపై ఉంటాడు, లేదా నిద్రలో ఉంటాడు. ఇంటివారు ఫోను చేయాలనుకునే వేళ అతనికి వీలు కాదు. అతనికి వీలైన వేళకు పండుగ హడావిడి ముగిసి, వంటింట్లో గిన్నెలు తోముతూ ఉంటారు. మూడున్నర గంటల ఈ వ్యత్యాసం చూడటానికి చిన్నదే. ఏడాది పొడవునా ఒక కుటుంబపు దినచర్యను శాసించేది మాత్రం అదే.

గంజాం, గజపతి జిల్లాల నుంచి బళ్ళారి, కోలారు, కృష్ణగిరి, వేలూరు వరకు, అటు సిరొంచ, ఇటు యానాం దాకా విస్తరించిన తెలుగు పల్లెలకు సైనిక జీవితం అపరిచితం కాదు. కాశ్మీరు, సియాచిన్ పేర్లు అక్కడి ముసలివారికి సైతం తెలుసు. విదేశీ నియామకం గురించి మాత్రం తగిన అవగాహన ఇంకా ఏర్పడలేదు. దాని చుట్టూ గర్వం, అపోహ, భయం మూడూ అల్లుకొని ఉన్నాయి.

నీలి టోపీ వెనుక లెక్క

స్వతంత్ర భారతం 1950లో కొరియాకు సైనిక వైద్య దళాన్ని పంపినది మొదలు, సూయజ్, కాంగో, సోమాలియా, సియెర్రా లియోన్, లెబనాన్, సూడాన్ వరకు భారతీయ దళాలు వెళ్ళని సంక్షుభిత ప్రాంతం అరుదు. ఇంతవరకు యాభైకి పైగా కార్యక్రమాలలో రెండున్నర లక్షల మందికి మించి భారతీయులు పాల్గొన్నారు. ప్రాణాలర్పించిన వారు సుమారు 180 మంది. ఈ సంఖ్యలో ఏ ఇతర దేశమూ భారతదేశాన్ని మించలేదు. 1961 డిసెంబరు 5న కాంగోలోని ఎలిజబెత్‌విల్‌లో నేలకొరిగిన కెప్టెన్ గురుబచన్ సింగ్ సలారియాకు మరణానంతరం పరమవీర చక్ర లభించింది. 1988లో శాంతి పరిరక్షక దళాలన్నింటికీ కలిపి నోబెల్ శాంతి బహుమతి దక్కింది.

పల్లెల్లో వినవచ్చే మాట మరొకటి ఉన్నది: "వాడికేం, డాలర్లలో జీతం." వాస్తవం వేరు. ఐక్యరాజ్య సమితి ఒక్కొక్క సైనికుని లెక్కన నెలకు ఇంత అని చెల్లించేది అతనిని పంపిన దేశ ప్రభుత్వానికి. 2018 జూలైలో ఆ మొత్తాన్ని 1,428 డాలర్లుగా నిర్ణయించారు, అనంతరం కొంత పెంచారు. జవాను చేతికి అందేది స్వదేశీ జీతం, ప్రభుత్వం నిర్ణయించిన విదేశీ భత్యం. సమితి నేరుగా అతనికిచ్చేది రోజుకు 1.28 డాలర్ల చిల్లర ఖర్చు, సెలవు దినాలకు పరిమితమైన చిన్న భత్యం. ఈ తేడా తెలియక బంధువులు పండుగ పూట ఇంటికి వచ్చి అప్పు అడుగుతారు. ఇవ్వలేనంటే "కళ్ళు నెత్తికెక్కాయి" అన్న నింద ఇంట్లో ఒంటరిగా ఉన్న ఇల్లాలి మీద పడుతుంది.

సెలవు దొరకని పండుగ

సైన్యంలో జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు ఉన్నవి. 2022లో ప్రవేశపెట్టిన అగ్నిపథ్ విధానంలో చేరిన అగ్నివీరులకు అది 30 రోజులకే పరిమితం. స్వదేశంలో ఉన్న దళంలోనైనా అందరినీ ఒకేసారి పండుగకు పంపడం కుదరదు. ఒకరికి దసరా, మరొకరికి సంక్రాంతి, ఇంకొకరికి ఓణం అని పంచుకోవలసిందే. విదేశీ నియామకం సాధారణంగా ఒక ఏడాది. ఆ కాలంలో ఇంటికి రావడం విమానాలపైనా, అక్కడి భద్రతా పరిస్థితిపైనా ఆధారపడి ఉంటుంది. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ వల్ల ఐక్యరాజ్య సమితి దళాల మార్పిడిని జూన్ నెలాఖరు వరకు నిలిపివేసింది. తిరిగివచ్చే తేదీ లెక్కపెట్టుకొంటున్న ఇళ్ళలో గోడమీద క్యాలెండరుకు అర్థం లేకుండా పోయింది.

కొత్తగా పెళ్ళయిన ఇంట ఈ లోటు మరింత స్పష్టం. ఆషాఢమాసం ఒక్కటే వేరుగా ఉండవలసిన దంపతులకు పన్నెండు నెలలూ ఆషాఢమే అవుతున్నది. తొలి సంక్రాంతికి అల్లుడు రావాలి, అరిసెలు, కొత్త బట్టలు ఇచ్చుకోవాలి. అల్లుడు లేని పండుగకు అత్తవారు కూతురిని మాత్రమే తీసుకువెళ్తే ఇరుగుపొరుగు ప్రశ్నలు తప్పవు. బరంపురంలో తెలుగు దేరలు ముందుండి నడిపే ఠాకురాణి యాత్ర రెండేళ్ళకు ఒకసారి వస్తుంది. దానిని ఒక్కసారి తప్పినవాడు మరల చూసేసరికి చంకబిడ్డ బడికి వెళ్ళే ఈడుకు వస్తుంది.

వార్తకూ పేరుకూ నడుమ

1987 జూలైలో శ్రీలంకతో ఒప్పందం కుదిరిన పిమ్మట భారత శాంతి సేన అక్కడికి వెళ్ళింది. అక్టోబరులో జాఫ్నా పోరు మొదలయింది. దక్షిణాది యువకులు పెద్ద సంఖ్యలో ఉండే మద్రాస్ రెజిమెంటు బెటాలియన్లు కూడా అందులో పాల్గొన్నాయి. ఆ ఏటి దీపావళి ఆ పోరు నడుమనే వచ్చింది. 1990 మార్చిలో చివరి దళం తిరిగివచ్చేసరికి వెయ్యిమందికి పైగా జవాన్లు మరణించి ఉన్నారు. ఆనాడు కుటుంబాలకు ఆధారం సైనిక తపాలా ఉత్తరం, రేడియో. ఉత్తరం అందేసరికి రాసినవాడు క్షేమమో కాదో తెలియదు. తంతి వచ్చిందంటే చదవకముందే ఇల్లు గొల్లుమనేది.

ఈనాడు వార్త నిమిషాల్లో వస్తుంది, పేరు మాత్రం గంటలకు గాని రాదు. 2013 ఏప్రిల్ 9న దక్షిణ సూడాన్‌లోని జోంగ్లేలో మాటుదాడి జరిగి అయిదుగురు భారతీయ సైనికులు మరణించారు. అప్పటికి ఉగాది రెండు రోజుల దూరంలో ఉన్నది. ఆ ఏడాదే డిసెంబరు 19న అకోబో శిబిరంపై దాడిలో మరో ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. 2022 జూలై 26న కాంగోలోని బుటెంబోలో సరిహద్దు భద్రతా దళానికి చెందిన ఇద్దరు మరణించారు. 2025 జనవరి చివరి వారంలో గోమా నగరం తిరుగుబాటుదారుల వశమైంది. ఇటువంటి ప్రతి సందర్భంలోనూ టీవీ తెరమీద "భారత జవాన్లు మృతి" అన్న అక్షరాలు కనిపించిన క్షణం నుంచి పేర్లు తెలిసే వరకు, అక్కడ మనిషి ఉన్న ప్రతి ఇల్లూ ప్రాణాలు ఉగ్గబట్టుకొంటుంది. బంధువుల మీద బంధువులు ఫోను చేసి "మనవాడేనా" అని అడగడం ఆ బాధను రెట్టింపు చేస్తుంది. ముందుగా కుటుంబానికి తెలిపి, తరువాత పేర్లు ప్రకటించడం సైనిక మర్యాద. ఆ వ్యవధిని గౌరవించడం ఊరి మర్యాద కావాలి.

మాట్లాడుకొనే సదుపాయానికీ హద్దులున్నాయి. 2020 జూలైలో సైన్యం ఫేస్‌బుక్ సహా 89 యాప్‌లను జవాన్లు తొలగించాలని ఆదేశించింది. పండుగ ఫోటోతో పాటు "మా వారు ఫలానా శిబిరంలో ఉన్నారు" అని గొప్పగా పెట్టిన ఒక వాక్యం ఆ శిబిరంలోని అందరికీ ముప్పు తేగలదు.

అమ్మ వెళ్ళిన ఇల్లు

విదేశీ సేవ అనగానే మగవారే తలపుకు వస్తారు. 2007లో లైబీరియాకు కేంద్ర రిజర్వు పోలీసు దళం నుంచి వందమందికి పైగా మహిళలు వెళ్ళారు. పూర్తిగా మహిళలతో కూడిన తొలి ఐక్యరాజ్య సమితి పోలీసు దళం అది. 2016 వరకు ఏటేటా కొత్త జట్లతో అది కొనసాగింది. 2023లో సూడాన్, దక్షిణ సూడాన్ సరిహద్దులోని అబ్యేకు భారత సైన్యం మహిళా ప్లాటూను పంపింది. వెళ్ళినవారిలో తల్లులు ఉంటే, పండుగనాడు పిల్లకు తలంటి జడవేసే బాధ్యత అమ్మమ్మకో నాయనమ్మకో చేరుతుంది. తండ్రి లేని పండుగను ఊరు త్యాగమంటుంది, తల్లి లేని పండుగకు మాత్రం సంజాయిషీ అడుగుతుంది. ఈ తేడా పోవలసి ఉన్నది.

పండుగ అంటే లెక్కల వేళ

రైతు ఇంట సంక్రాంతి, ఉగాది వేడుకలు మాత్రమే కావు. పంట డబ్బు చేతికి వచ్చేదీ, కౌలు మాట్లాడుకొనేదీ, అన్నదమ్ములు వాటాలు తేల్చుకొనేదీ, పెళ్ళి మాటలు నడిచేదీ ఆ దినాలలోనే. మనిషి లేని చోట నిర్ణయం ఆగదు, అతని మాట లేకుండానే సాగుతుంది. గట్టు జరిగిన సంగతి జవానుకు తెలిసేసరికి నాట్లు పడి ఉంటాయి.

ఇందుకు చట్టంలో కొంత రక్షణ ఉన్నది. 1925 నాటి భారత సైనికుల వ్యాజ్యాల చట్టం ప్రకారం, యుద్ధ పరిస్థితులలోనూ విదేశాలలోనూ సేవ చేస్తున్న సైనికునిపై సివిలు దావా నడుస్తున్నప్పుడు, నిర్ణీత అధికారి ధ్రువపత్రం కోర్టుకు అందితే విచారణను నిలిపి ఉంచవచ్చు. కొన్ని మినహాయింపులు లేకపోలేదు. దావా సమన్లు ఇంటికి వచ్చినప్పుడు భయపడి బీరువాలో దాచక, వెంటనే యూనిట్‌కు తెలియజేయడమే దీనిలోని మొదటి మెట్టు.

సరిహద్దు కుటుంబాలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉన్నది. అది పేరు. తెలుగువారి ఇంటిపేరు ముందు వస్తుంది. తమిళనాడు కాగితాలలో దానికి బదులు తండ్రి పేరులోని మొదటి అక్షరం చేరుతుంది. ఒడియాలోనో కన్నడంలోనో రాసిన జనన పత్రం ఇంగ్లీషులోకి మారేసరికి అక్షరం మారుతుంది. ఆధార్‌లో ఒక తీరు, బ్యాంకు పుస్తకంలో ఒక తీరు, సైనిక రికార్డులో మరొక తీరు. భార్య పేరు, బిడ్డ పుట్టిన వివరం "పార్ట్ టూ ఆర్డర్" ద్వారా సైనిక రికార్డులో నమోదు కావాలి. అన్నీ సవ్యంగా ఉన్నంతకాలం ఈ తేడా ఎవరికీ పట్టదు. జరగరానిది జరిగిననాడు పింఛను ఆ ఒక్క అక్షరం వద్దనే ఆగుతుంది.

కనుక ప్రయాణానికి ముందు దొరికే సెలవులో చేయవలసిన పనులు నాలుగు. కాగితాలన్నిటా పేరు ఒకే తీరుగా దిద్దించుకోవాలి. పెళ్ళి, పిల్లల వివరాలు రికార్డుకెక్కినవో లేదో చూసుకోవాలి. బ్యాంకు ఖాతా భార్యాభర్తల ఇద్దరి పేరా ఉండాలి. భూమి పనులకు నమ్మకస్తులకు, వీలైతే భార్యకే, పరిమితమైన అధికార పత్రం రాసి ఇవ్వాలి. ఇక నివసించే రాష్ట్రంలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఎక్కడున్నదో ఇంట్లో ఒకరికైనా తెలిసి ఉండాలి. ఆంధ్రలోనో తెలంగాణలోనో చుట్టాలున్నారని అక్కడి కార్యాలయాల చుట్టూ తిరిగి కాలం పోగొట్టుకొన్నందువల్ల ఫలితం లేదు.

దక్షిణ లెబనాన్‌లో 1998 నుంచి భారత బెటాలియన్లు సేవ చేస్తూ వచ్చిన దళం 2026 డిసెంబరు 31తో ముగియాలని భద్రతా మండలి 2025 ఆగస్టులో తీర్మానించింది. ఒక చోట ముగిసినా, మరొక చోటికి పిలుపు రావడం డెబ్బయి అయిదేళ్ళ అనుభవం. అంటే ఏదో ఒక పల్లెలో, ఏదో ఒక ఇంట, వచ్చే సంక్రాంతికి ఒక విస్తరి ఖాళీగా ఉండక తప్పదు. ఆ ఇంటికి ఊరు చేయగలిగింది పెద్దది కాదు. భోగి మంటకు ఒక మోపు కట్టెలు పంపడం, ముగ్గు వేసేవేళ ఆ పిల్లలను పిలవడం, పొలం గట్టును ఉన్నచోటనే ఉంచడం. సముద్రాల ఆవల ఉన్నవాడు నిశ్చింతగా కాపలా కాయడానికి ఈ మూడూ చాలినంత బలం ఇస్తాయి.