చాలినంత మంది ఎందరు?

ఇంటర్మీడియట్ ముగించిన కుమార్తెను ఫార్మ్.డి. చదివించవచ్చునా అని శృంగవరపుకోట సోదరులొకరు మమ్మల్ని అడిగారు. మందుల దుకాణానికి ఆరేళ్ల చదువెందుకన్నది వారి సందేహం.

ఇది దుకాణం కోసం ఏర్పడిన చదువు కాదు. మన దేశంలో 2008లో వచ్చిన ఈ కోర్సులో ఐదేళ్లు విద్య, ఒక ఏడాది ఆసుపత్రి శిక్షణ. వేర్వేరు వైద్యులు రాసిన షుగరు, బీపీ, నొప్పుల మందులు ఒకదానితో ఒకటి పొసగుతాయా, రోగి మూత్రపిండాలు వాటిని తట్టుకోగలవా అని పరిశీలించి వైద్యునికి తెలిపేవారే క్లినికల్ ఫార్మసిస్టులు. ఉద్దానం కిడ్నీ వ్యాధిని చూసిన ఉత్తరాంధ్రకు వారి అవసరం వేరుగా చెప్పనక్కరలేదు.

ఇమామ్ గజాలీ (రహ్మ) వైద్యవిద్యను ఫర్జె కిఫాయాగా పరిగణించారు. చాలినంత మంది నేర్చుకుంటే అందరి బాధ్యతా తీరుతుంది. లేకుంటే సమాజమంతా దోషి అవుతుంది. ఆ 'చాలినంత' ఎంతో తేలాలంటే పడకలు, దీర్ఘరోగులు, ఉద్యోగాలు లెక్కించాలి. నేడు చేరిన బిడ్డ ఆరేళ్లకు గాని సేవకు అందదు. ఉద్యోగాలు కల్పించక సీట్లు పెంచితే యువతకు అన్యాయం. సీట్లే లేకుంటే రోగులకు అన్యాయం.

ఆ సోదరులకు మా మనవి: ముందుగా విజయనగరం, విశాఖ ఆసుపత్రుల్లో ఈ ఉద్యోగాలెన్నో విచారించండి. ఒంటెను కట్టిన తరువాతనే కదా తవక్కుల్!